మూడో పెట్టె

ఆ ఇంట్లో టీవీ కింద అప్పటికే రెండు గేమ్ కన్సోళ్లు ఉన్నాయి. ఒకటి పాతది. ఆన్ చేస్తే ఆయాసం వచ్చిన మనిషిలా గురకపెట్టేది. రెండోది అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడాది బోనస్ కలిపి కొనుక్కున్నది. రెండింటి మీదా వదిన ఒక పాత దిండు గలీబు కప్పి ఉంచింది. వారానికోసారి ఆ గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పడమే తప్ప రెండేళ్లుగా వాటిని ముట్టుకున్నవాళ్లు లేరు. అలాంటి ఇంట్లో చిన్నోడు గేమింగ్ కంప్యూటర్ కోసం డబ్బు కూడబెడుతున్నాడు.

"ఉన్న రెండు పెట్టెలకే దిక్కు లేదు. మూడో పెట్టె తెచ్చి ఏం చేస్తావు మరిదీ, మ్యూజియం పెడతావా?" అనేది వదిన. అతను నవ్వి ఊరుకుంటే ఆమె అక్కడితో ఆగేది కాదు. పెళ్లి చేసుకో నాయనా అంటే పెట్టె కొనుక్కుంటానంటాడని, పెట్టెకైతే అత్తగారూ మామగారూ ఉండరు కదా, అదీ అతని తెలివని భర్త వైపు తిరిగి చెప్పేది. భర్త కూడా నవ్వేవాడు. ముగ్గురూ నవ్వేవాళ్లు. ముగ్గురిలో వదిన ఒక్కతే మనసారా నవ్వుతోందని అన్నదమ్ములిద్దరికీ తెలుసు.

ముప్పై నాలుగేళ్లు వచ్చినా ప్రెస్సులో అందరికీ అతను చిన్నోడే. అతని అన్న పెద్దోడు. పుస్తకాలు అచ్చువేసి, కుట్టి, అట్టలు వేసే ఆ ప్రెస్సులో ఇద్దరూ పదేళ్లపాటు ఒకే కటింగ్ మెషీను మీద పని చేశారు. అట్ట వేసిన పుస్తకాలు దొంతరగా పెట్టి మూడు వైపులా అంచులు కోసే మెషీను అది. దాని కత్తి మనిషి చెయ్యంత పొడవు. దానికి ముందు భాగంలో రెండు బటన్లు, ఒకటి కుడి చివర, ఒకటి ఎడమ చివర. రెండూ ఒకేసారి నొక్కితే తప్ప కత్తి దిగదు. రెండు చేతులూ బటన్ల మీద ఉన్నంతసేపు కత్తి కింద చెయ్యి ఉండే ప్రశ్నే లేదు. మెషీను తయారుచేసినవాడు అంత ఆలోచించాడు.

కానీ దొంతర సర్దడం, రెండు చేతులూ తీసుకెళ్లి బటన్లు నొక్కడం, మళ్లీ సర్దడం అంటే పని సాగదు. అందుకని ఆ మెషీను మీద పనిచేసిన ప్రతివాడికీ ఒక దొంగదారి తెలుసు. అట్ట ముక్క మడతపెట్టి ఎడమ బటన్ పక్క సందులోకి దూరిస్తే అది నొక్కుకునే ఉండిపోతుంది. ఇక కుడి బటన్ ఒక్కటీ నొక్కితే చాలు, ఎడమ చెయ్యి ఖాళీ. గంటకు నాలుగు దొంతరలు ఎక్కువ పడతాయి. ఓనరుకు తెలుసు, తెలియనట్టు ఉంటాడు. ఒక్కటే నియమం, అదీ ఎవరూ రాసిపెట్టింది కాదు: మెషీను ఇంకొకరికి అప్పగించేటప్పుడు అట్ట ముక్క తీసేయాలి.

ఆ రోజు ఇద్దరూ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ఆట రెండో భాగం విడుదలైంది. సాయంత్రం త్వరగా ఇంటికి పోయి మొదలుపెట్టాలని పొద్దున్నుంచీ ఒకటే ఆత్రం. మధ్యాహ్నం దాకా మెషీను చిన్నోడిది, తర్వాత పెద్దోడిది. తన వాటా దొంతరలు తొందరగా అవగొట్టాలని చిన్నోడు పదకొండింటికి అట్ట ముక్క దూర్చాడు. భోజనం గంట కొట్టగానే చేతులు కడుక్కోవడానికి పోయాడు. తిన్నాక లోడింగుకు రమ్మంటే అటునుంచి అటే వెళ్లిపోయాడు.

పెద్దోడికి ఒక అలవాటుంది. పుస్తకాల దొంతర ఎడమ చేత్తో లోపలికి నెట్టి సర్దుతూ, కుడి అరచెయ్యి కుడి బటన్ మీద ఆనించి ఉంచుతాడు. ఒక్క బటన్‌తో కత్తి దిగదన్న ధీమా. ఆ ధీమాతోనే ఆనించాడు.

అరుపు విని అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది చిన్నోడే. అన్నను నలుగురూ పట్టుకుని, గుడ్డలు చుట్టి, బయటికి మోసుకెళ్తుంటే అతను మెషీను పక్కన ఒక్క క్షణం ఆగాడు. ఎందుకు ఆగాడో తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి అంతుపట్టలేదు. బుర్ర ఏమీ చెప్పకముందే చెయ్యి పని చేసేసింది. అట్ట ముక్క లాగి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత పరుగెత్తి బండి ఎక్కి అన్న తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఎక్కింది అన్న కోసమే, ఏడ్చింది అన్న కోసమే, అందులో అబద్ధం లేదు. కానీ జేబులో ఆ ముక్క గుండెకు తగులుతూ ఉంది.

ఎడమ చేతికి బొటనవేలు మిగిలింది. మూడో రోజు ఓనరు ఆసుపత్రికి వచ్చాడు. పాపం మంచివాడే, పండ్లు తెచ్చాడు. మెకానిక్ వచ్చి మెషీను అంతా విప్పి చూశాడని, ఎక్కడా లోపం లేదన్నాడని, మరి కత్తి ఎలా దిగిందో అర్థం కావడం లేదని కాసేపు నసిగి, చివరికి అడగవలసింది అడిగాడు. మంచానికి కాళ్ల వైపు చిన్నోడు నిలబడి ఉన్నాడు. పెద్దోడు ఓనరు వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే అట్ట ముక్క పెట్టానండీ. తొందరపడ్డాను."

చిన్నోడు నేల చూశాడు. ఆ నేల మీద పలకలు ఎన్ని, ఏది పగిలింది, ఏ మూల సున్నం చుక్క పడింది, అవన్నీ అతనికి ఇప్పటికీ గుర్తే. పెద్దోడు సొంత పొరపాటని ఒప్పుకున్నాడు కాబట్టి నష్టపరిహారం మాట లేకుండా పోయింది. ఆసుపత్రి ఖర్చు ఓనరు భరించాడు. ఆ తర్వాత పెద్దోడికి గేటు దగ్గర బల్ల వేసి, బయటికి పోయే కట్టలు లెక్కచూసుకునే పని ఇచ్చాడు, ఒంటిపూట, సగం జీతం. చిన్నోడి ఉద్యోగం నిలిచింది. నిలవకపోతే ఆ ఇంట్లో ముగ్గురూ ఏం తినేవాళ్లో పెద్దోడు మంచం మీద పడుకునే ఆలోచించి ఉంటాడు.

ఇల్లు చేరాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చిన్నోడు చెబుదామనే అనుకున్నాడు. కుట్లు విప్పాక చెబుదాం అనుకున్నాడు. నొప్పి తగ్గాక అనుకున్నాడు. వదిన ఇంట్లో లేనప్పుడు అనుకున్నాడు. తీరా ఆమె లేని రోజు వస్తే, ఇంత ప్రశాంతంగా ఉన్న మనిషిని ఎందుకు కదపడం అనుకున్నాడు. వాయిదా వేస్తున్న మనిషికి ప్రతి వాయిదా వెనకా దయ ఉన్నట్టే కనిపిస్తుంది. ఒక సాయంత్రం పెద్దోడు కొత్త కన్సోల్ ఆన్ చేసి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో కాసేపు, ఎడమ బొటనవేలితో కాసేపు తంటాలు పడ్డాడు. ఆటలో మనిషి గోడకు కొట్టుకుంటూ అక్కడక్కడే తిరిగాడు. పెద్దోడు ఆపేసి, "వీడికి కూడా నా గతే పట్టింది" అన్నాడు నవ్వుతూ. మర్నాడు వదిన గలీబు కప్పేసింది.

ఆ వారంలోనే చిన్నోడు కంప్యూటర్ సంగతి చదివాడు. కంప్యూటర్లో ఏ పనిని ఏ బటన్‌కు కావాలంటే ఆ బటన్‌కు మార్చుకోవచ్చు. పక్కన పన్నెండు బటన్లున్న మౌస్ దొరుకుతుంది, దానితో ఆట మొత్తం ఒంటి చేత్తో ఆడినవాళ్లున్నారు. చదువుతుంటే అతనికి ఊపిరి కాస్త తేలికపడింది. అలాంటి ఆట ఆడించే కంప్యూటర్ ధర చూస్తే కళ్లు తిరిగాయి. ఆ కళ్లు తిరగడంలోనే ఏదో ఊరట ఉందని అప్పుడు అతను గమనించలేదు. మర్నాడే వెళ్లి ఓనరును ఆదివారం షిఫ్టు అడిగాడు.

భోజనాల దగ్గర అన్నకు చెప్పాడు, కంప్యూటరైతే ఒంటి చేత్తో ఆడొచ్చట అని. పెద్దోడు "అలాగా" అని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

అప్పటినుంచి ఒక విచిత్రం జరిగింది. ఆదివారం కూడా పనిచేసి ఒళ్లు హూనమై వచ్చిన రోజు చిన్నోడు అన్న కళ్లలోకి ఇంకొంచెం ఎక్కువసేపు చూడగలిగేవాడు. జ్వరంతో షిఫ్టుకు పోయిన రోజు అయితే అన్న పక్కన కూర్చుని జోకులు కూడా వేసేవాడు. సినిమా మానేశాడు, చెప్పులు తెగినా కుట్టించుకుని వేసుకున్నాడు, స్నేహితుడి పెళ్లికి పోలేదు. పోగవుతున్నది డబ్బనే అనుకున్నాడు. అసలు పోగవుతున్నది మాట్లాడకుండా ఉండే హక్కు. కంప్యూటర్ తెచ్చిన రోజు చెప్పేస్తాను, ఆ రోజు చెబితే ఆ మాటకు పక్కన పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది అని మనసులో ఖాయం చేసుకున్నాడు.

మూడో నెలలోనో నాలుగో నెలలోనో కంప్యూటర్ షాపుకు ధరలు అడగడానికి పోయాడు. షాపువాడు వాగుడుకాయ, కానీ నిజాయితీపరుడు. ఎవరికోసం, ఏం ఆడతారు అని కూపీ లాగి అంతా విన్నాడు.

"ఇంట్లో రెండు కన్సోళ్లున్నాయంటున్నారు. వాటికే ఒంటి చేత్తో ఆడే కంట్రోలర్ వస్తోంది కదండీ. మీ వారం జీతం కూడా అవదు. దీనికింత డబ్బెందుకు పోస్తారు?" అన్నాడు.

బొమ్మ కూడా చూపించాడు. బల్లకు బిగించుకునే రకం. ఎడమ పని కూడా కుడి చేతికే వచ్చేస్తుంది. చిన్నోడు దాన్ని చాలాసేపు చూశాడు. ఆ మధ్యాహ్నమే కొనుక్కుపోతే ఆ సాయంత్రమే అన్న ఆడుకునేవాడు. కంప్యూటర్లోనే ఆట బాగుంటుందండీ, బొమ్మ కూడా స్పష్టంగా ఉంటుంది అని ఏదో చెప్పి బయటపడ్డాడు. దారంతా తనకు తానే కారణాలు చెప్పుకుంటూ నడిచాడు. అది గట్టిదనం ఉన్న వస్తువు కాదని, అన్నకు నచ్చకపోవచ్చని, చేసేదేదో పూర్తిగా చేయాలని. ఇల్లు దగ్గరయ్యేసరికి కారణాలు అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. అది మరీ చవక. నాలుగు వేళ్లకు ఒక వారం జీతమా?

ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి, ఆ వారం నుంచి శనివారం సాయంత్రం ఓవర్‌టైము కూడా ఒప్పుకున్నాడు.

అలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో పెద్దోడు మధ్యాహ్నాలు ఒక్కడే కిటికీ దగ్గర కూర్చునేవాడు. వదిన బట్టల కొట్లో బిల్లు కౌంటర్ దగ్గర పనికి పోయేది. చిన్నోడు ఇంటికొచ్చేసరికి తినడానికీ పడుకోవడానికీ తప్ప ఓపిక ఉండేది కాదు. "మీ తమ్ముడు మనింట్లోనే ఉంటున్నాడా, ఖాళీ చేశాడా?" అని వదిన ఒకసారి వేళాకోళం చేస్తే, పెద్దోడు "వాడికి పనుందిలే" అన్నాడట. ఆ మాట వదినే చిన్నోడికి చెప్పింది, చొక్కాలు మడతపెడుతూ, మామూలుగా.

కంప్యూటర్ ఒక ఆదివారం వచ్చింది. నాలుగు అట్టపెట్టెలు. వదిన చెల్లెలి ఇంటికి పోతూ గుమ్మంలో ఆగి, ఈ పెట్టెకు గలీబు ఎవరు కుడతారని అడిగి మరీ పోయింది. చిన్నోడు బల్ల జరిపి, తీగలు కలిపి, ఆట ఎక్కించి, ఒక్కో పనిని ఒక్కో బటన్‌కు మార్చుతూ రెండు గంటలు కూర్చున్నాడు. రెండేళ్ల కిందట విడుదలైన ఆ రెండో భాగమే. ఇద్దరూ అప్పటికి ఒక్కసారి కూడా ఆడలేదు.

పెద్దోడు కుర్చీలో కూర్చుని మౌస్ మీద కుడి చెయ్యి పెట్టాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు, దాన్ని చొక్కా అంచుతో కప్పుకున్నాడు. మొదట్లో తడబడ్డాడు. మనిషి నీళ్లలో పడ్డాడు, మెట్ల మీంచి దొర్లాడు. పెద్దోడు "ఒరే ఒరే, నన్ను చంపడానికే తెచ్చావురా దీన్ని" అన్నాడు. అరగంటకు చెయ్యి కుదిరింది. గంటకు మనిషి వంతెన దాటి, గోడ ఎక్కి, కాపలావాళ్ల కంటపడకుండా కోట లోపలికి పోయాడు. పెద్దోడి పెదవులు బిగుసుకుని, కనుబొమలు ముడిపడి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న చిన్నోడు పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. చెప్పే రోజు వచ్చిందనుకున్నాడు.

"అన్నా, నీకో మాట చెప్పాలి."

పెద్దోడు ఆట ఆపాడు. తల తిప్పలేదు.

"చెప్పకురా" అన్నాడు.

"అది కాదన్నా. ఆ రోజు..."

"తెలుసు. కత్తి దిగినప్పుడు నేను చూసింది చెయ్యి కాదు, బటన్ చూశాను. ఆ ముక్క నాది కాదని అప్పుడే తెలుసు. నేను రెండు మడతలు పెడతాను, నువ్వు మూడు పెడతావు."

అన్నకు తెలుసునేమో అని చిన్నోడు వెయ్యిసార్లు అనుకున్నాడు. అనుకున్నదీ, విన్నదీ ఒకటి కాదు.

పెద్దోడు తెర వైపే చూస్తూ మాట్లాడాడు, తొందర లేకుండా, ఎప్పుడో కంఠతా పట్టి సగం మరిచిపోయిన పాఠం అప్పజెప్పినట్టు. ఓనరు ముందు ఆ మాట అన్నది తిండి కోసమట, అందులో గొప్పతనమేమీ లేదట. ఓనరు వెళ్లిపోగానే తమ్ముడు నోరు విప్పుతాడని ఎదురుచూశాడట. చెబితే తిట్టడానికి తిట్లన్నీ వరసపెట్టి సిద్ధం చేసుకున్నాడట. నిద్రలో ఎవర్ని బాబూ అలా తిడుతున్నావని పక్క మంచం ముసలాయన అడిగేంతగా. అక్కడ పెద్దోడు కొంచెం నవ్వాడు.

"అడగొచ్చు కదన్నా" అన్నాడు చిన్నోడు. "నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ని."

"అడిగితే ఒప్పుకుంటావు. ఒప్పుకోవడం వేరు, వచ్చి చెప్పడం వేరు."

"ఇప్పుడు వచ్చి చెబుతున్నాను కదా."

"ఇప్పుడు నేనేమనాలిరా? రెండేళ్లు ఆదివారం లేకుండా చాకిరీ చేసి తెచ్చిన దాని ముందు కూర్చుని నిన్ను తిట్టమంటావా? అంత మొహం నాకెక్కడిది? మీ వదిన వింటే నన్నే తిడుతుంది. కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా చేశావు."

ఇంకో మాట కూడా అన్నాడు, అది చెప్పాలా వద్దా అని తర్జనభర్జన పడినట్టు. ఒంటి చేత్తో ఆడే కంట్రోలర్ సంగతి తనకూ తెలుసట. వదిన ఫోన్లో చూశాడట, తెప్పించుకుందామని కూడా అనుకున్నాడట.

"తెప్పించుకుంటే నువ్విక దేనికోసం కష్టపడతావు? నీకు ఆ కష్టం కావాలి. అందుకే ఊరుకున్నాను."

రెండేళ్ల మధ్యాహ్నాలు చిన్నోడి కళ్ల ముందు కదిలాయి. కిటికీ, కుర్చీ, ఆ కుర్చీలో ఏ ఆటా లేకుండా కూర్చున్న మనిషి. తను అన్నకు ఏదో ఇస్తున్నాననుకున్న రోజులన్నీ అన్నే తనకు ఇస్తూ వచ్చాడు. వేళ్లు, ఉద్యోగం, చివరికి ప్రాయశ్చిత్తం చేసుకోవడానికి కావలసిన సమయం కూడా. క్షమించమని అడగాలనిపించింది. అడిగితే అన్న సరే అంటాడు. ఆ సరే కూడా ఒక దానమే అవుతుంది. అందుకని అడగలేదు.

"నువ్వా పీట కొంచెం వెనక్కి జరుపుకో. తెర మీద నీ నీడ పడుతోంది" అన్నాడు పెద్దోడు.

చిన్నోడు జరుపుకున్నాడు. ఆట మళ్లీ మొదలైంది, కానీ పెద్దోడు ఇంకో పావుగంటకే కళ్లు లాగుతున్నాయని లేచాడు.

తర్వాత రోజుల్లో ఇంట్లో ఏ గొడవా లేదు. పెద్దోడు తమ్ముడితో మామూలుగానే ఉన్నాడు, నిజానికి ఇంకాస్త మర్యాదగా. అదే చిన్నోడు తట్టుకోలేకపోయాడు. కొనడం అయిపోయింది కాబట్టి ఆదివారం షిఫ్టు మానేసి ఇంట్లో ఉండేవాడు. ఆడదామా అన్నా అని అడిగితే పెద్దోడు నువ్వు ఆడరా, నేను చూస్తా అనేవాడు. అతను ఆడుతుంటే పది నిమిషాలు చూసి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేవాడు. అన్నకు ఆటల మీద మనసు విరిగిపోయిందనుకున్నాడు చిన్నోడు. అది కూడా తన వల్లేనని లెక్కలో కలుపుకున్నాడు.

నెల తర్వాత ఒక సాయంత్రం కంప్యూటర్ తెరిస్తే, ఆట పేరు పక్కన ఇంతవరకూ ఎన్ని గంటలు ఆడారో చూపిస్తోంది. అతను ముందు ఆ అంకె సరిగా చదవలేదేమో అనుకుని మళ్లీ చదివాడు. అరవై నాలుగు గంటలు. తను ఆడింది నాలుగు గంటలకు మించదు. అన్న ఆట ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ ఆపాడో తెరిచి చూశాడు. కోట అయిపోయింది, కోట తర్వాతి ఊరు అయిపోయింది, మంచు కొండల దాకా వెళ్లిపోయాడు అన్న. గేటు డ్యూటీ దిగి వచ్చాక, వదిన కొట్టు నుంచి రాకముందు, తమ్ముడు ప్రెస్సు నుంచి రాకముందు, ప్రతి మధ్యాహ్నం ఆడుతున్నాడు. ఆ మొదటి రోజు తర్వాత ఒక్క ఆదివారాలు మాత్రం లేవు. ఆదివారం తమ్ముడు ఇంట్లో ఉంటాడు.

చిన్నోడు కంప్యూటర్ ఆపేశాడు. అన్నకు ఆట ఇష్టమే, కంప్యూటర్ ఇష్టమే, చెయ్యి బాగా కుదిరింది కూడా. అనుకున్నదంతా అనుకున్నట్టే అయింది. పక్కన తను లేకపోతే చాలు.

మర్నాడు పొద్దున్నే ఓనరు గదికి పోయి ఆదివారం షిఫ్టు మళ్లీ కావాలన్నాడు.

"కొనడం అయిపోయిందన్నావు కదరా, ఇంకా ఏం కొనాలి?" అన్నాడు ఓనరు.

ఏమీ లేదండీ, ఊరికే ఇంట్లో తోచడం లేదన్నాడు. ఓనరు సంతోషంగా పేరు రాసుకున్నాడు. గేటు దగ్గర బల్ల ముందు కూర్చున్న పెద్దోడికి డ్యూటీ దిగేలోపే ఆ సంగతి తెలిసింది. సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాక, ఆదివారం కూడా పోతున్నావటగా, ఒళ్లు జాగ్రత్త అన్నాడు. అంతకు మించి అడగలేదు. అతని మొహంలో ఒక నెమ్మది కనిపించింది. దాన్ని చూసి చిన్నోడికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

షిఫ్టు నాలుగింటికి అయిపోతుంది. అతను తిన్నగా ఇంటికి రాడు. చెరువు వైపు కాదు, బజారు వైపు కాదు, ఎటు కాళ్లు తీసుకుపోతే అటు ఒక చుట్టు తిరిగి, చీకటి పడే వేళకు మేడ మెట్ల దగ్గరికి చేరతాడు. పై మెట్టు మీద ఆగి, తాళంచెవులు ఒకసారి గలగలమనిపిస్తాడు. గొంతు సవరించుకుంటాడు. లోపల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, ఆ తర్వాత కిటికీ దాకా నడిచిన అడుగుల చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడి, అప్పుడు తలుపు తీస్తాడు.